మనసు నలిగిన బిడ్డకు సాయమెక్కడ?

జ్వరము వచ్చిన బిడ్డను వైద్యునికడకు తీసికొనిపోవుటకు మనలో ఎవ్వరును జంకరు. పదునైదేండ్ల పిల్ల రాత్రులు నిదుర లేక, అన్నము సహింపక, చెలికత్తెలను తప్పించుకొని తిరుగుచున్నచో మాత్రము వయసు పొగరందుము. లేదా దిష్టి తీయుదుము. దిష్టి తీసినందున హాని లేదు. అంతటితో ఊరకుండుటయే హాని. ఇట్టి మార్పులు రెండు వారములు దాటి నిలిచినచో వ్యాధిగా ఎంచి వైద్యునికి చూపవలెను. ఇక బ్రతుకవలెనని లేదను మాట బిడ్డ నోట వచ్చెనా, ఒక్క పూటయైనను ఆగరాదు. ఇంటనున్న పురుగుమందులను, మాత్రలను తాళము వేసి దాచి, బిడ్డను ఒంటరిగా విడువక, వెంటనే సాయము కోరవలెను.

శక్తినగరమునకు రాయచూరు సుమారు 20 కిలోమీటర్లు. అచ్చటి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో, అనగా రిమ్స్‌లో, మానసిక వైద్య విభాగము కలదు. అంత దూరము పోకముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునితో మాటాడవచ్చును. సామాన్య వైద్యులకు తర్ఫీదు ఇచ్చినచో వారు మనోవ్యాధులను గుర్తించి చికిత్స చేయగలరని 1980 దశకమున మన పొరుగు బళ్లారి జిల్లాలోనే ఋజువైనది. బెంగుళూరు నిమ్హాన్స్ వారు అచ్చట జరిపిన ఆ ప్రయత్నమే 1996లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన జిల్లా మానసికారోగ్య పథకమునకు మాదిరి అయినది. తెలుగువారు విస్తారముగా నున్న జిల్లానుండి దేశమునకు ఒక దారి ఏర్పడినదని మేము ఒకింత గర్వపడుదుము. 2014లో మొదలైన మఱియొక పథకము క్రింద 10 మొదలు 19 ఏండ్లవారికి ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రత్యేక సలహా కేంద్రములు ఏర్పడినవి. కర్ణాటకమున వీనిని స్నేహ క్లినిక్కులందురు. ఆశా కార్యకర్తను అడిగినచో సమీపమున ఏది యున్నదో చెప్పును.

కాని మనకు గల చిక్కు దూరము కాదు, భాష. మన యిండ్లలో బ్యాంకునందును, కచేరీలోను తల్లిదండ్రులకు కన్నడము విడమరచి చెప్పువారు పిల్లలే. ఆ యలవాటు చొప్పున ఆసుపత్రిలోను వారినే దుబాసీలుగా నిలుపుదుము. తన బెంగను తానే తర్జుమా చేసి, తండ్రి యెదుట వైద్యునికి చెప్పవలసిన బిడ్డ నిజము చెప్పునా? సగము మ్రింగివేయును. కావున రెండు భాషలు తెలిసిన మేనమామనో, పిన్నినో, ఉపాధ్యాయునో వెంట తీసికొనిపోవుడు. బిడ్డ వైద్యునితో ఏకాంతముగా మాటాడుటకు కొంత వ్యవధి ఇండు.

తెలుగులోనే చెప్పుకొనదలచినవారికి 14416 అను టెలిఫోను సంఖ్య యున్నది. టెలీ మానస్ అను ఈ సేవ 2022 అక్టోబరు 10న ఆరంభమైనది, రేయింబవళ్లు ఉచితము, భాషను ఎంచుకొనవచ్చును. విద్యార్థులారా, దీనికి మీరే స్వయముగా ఫోను చేయవచ్చును. ఇంటిలోనే దెబ్బలు తినువారికి, చదువు మాన్పించి పెండ్లి చేయబూనినవారికి, పనికి పంపబడినవారికి 1098 కలదు. 18 ఏండ్లలోపు పిల్లలకొఱకే అది ఏర్పడినది.

పరీక్షా ఫలితముల వేళ మన యిండ్లలో మాట పెళుసగును. ఎస్.ఎస్.ఎల్.సి.కి ఏటా ఒకటికి మించి పరీక్షలు జరుగుచున్నవి. ఒకదాన తప్పినవారు ఆ యేడే మరల వ్రాయవచ్చును. ఈ సంగతి ఫలితములకు ముందే ఇంట చెప్పుకొనవలెను.

నలుగురికి తెలిసినచో రేపు సంబంధములు రావని వెఱచువారు కలరు. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము రోగి వివరములను గోప్యముగా నుంచవలెనని వైద్యులను శాసించుచున్నది. మొదటిసారి పోవునపుడు బిడ్డ నిదుర, తిండి, బడికి పోని దినములు ఒక కాగితముపై వ్రాసికొనిపోవుట మేలు. అందఱికిని మందులు అక్కఱలేదు. పెక్కుమందికి మాటలతోనే చికిత్స జరుగును. మందులిచ్చినచో గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టవచ్చును. వైద్యుని అడుగక నడుమ మానరాదు.