సూది గుచ్చితే గడ్డ పాకుతుందా?

ప్రశ్న: మా బాపుకు 58 ఏండ్లు, బీడీలు బాగా తాగేవాడు. ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు. నాలుగు నెలలు మందులు మింగినా దగ్గు తగ్గలేదు, కళ్లెలో రక్తం పడుతోంది. స్కాన్‌లో గడ్డ కనిపించింది, ముక్క తీసి పరీక్ష చేయాలంటున్నారు. సూది తగిలితే ఒళ్లంతా పాకుతదని చుట్టాలు వద్దంటున్నారు.
- ఒక కూతురు, మహబూబాబాద్

జవాబు: అమ్మా, ఒప్పుకోండి, ఈ వారమే చేయించండి. సూది దారిలో క్యాన్సర్ పాకడం చాలా అరుదు. బాగా ముదిరాక ఆస్పత్రికి తెచ్చిన మనిషి పరీక్షయిన నెలకే పోతే, నింద సూది మీద పడుతుంది. ఊళ్లలో ఆ భయం అలాగే పుట్టింది. నన్ను బాధపెడుతున్నది మీరు రాసిన ఆ నాలుగు నెలలు. ఎక్స్‌రేలో టీబీ మచ్చా, క్యాన్సర్ గడ్డా ఒక్కోసారి ఒకేలా ఉంటాయి. కళ్లె పరీక్షలో టీబీ క్రిమి దొరికిందో లేదో పాత కాగితాల్లో వెతకండి. అలాగని టీబీ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు, రెండు జబ్బులూ కలిసి ఉండొచ్చు.

గడ్డ చిన్నదిగా, ఊపిరితిత్తి దాటకుండా ఉన్నప్పుడు ఆపరేషన్ చేస్తే పదిమందిలో ఏడుగురి దాకా ఐదేళ్లు దాటుతారు. ఇతర అవయవాలకు పాకాక ఆ లెక్క పదిలో ఒకరికి అటూఇటూ పడిపోతుంది. కొందరికి జన్యు మార్పును బట్టి ఇచ్చే మాత్రలు బాగా పనిచేస్తాయి, ఆ మార్పు బయటపడేదీ ఎక్కువగా ముక్క పరీక్షలోనే. మహబూబాబాద్‌లో హైదరాబాద్ రైలెక్కేటప్పుడు స్కాన్ ఫిల్ములు, కళ్లె రిపోర్టు, ఆరోగ్యశ్రీకి రేషన్ కార్డు, ఆధార్ ఒకే సంచిలో పెట్టుకోండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు.

ప్రశ్న: అమ్మకు ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేసి మూడు వారాలైంది. నడిస్తే ఆయాసం. చీము పడుతుందని వంకాయ, పప్పు, గుడ్డు పెట్టడం లేదు.
- జనగామ

జవాబు: మూడూ పెట్టండి. పుండు మానేది పప్పూ గుడ్డూ ఇచ్చే బలంతోనే. ఆస్పత్రిలో ఇచ్చిన మూడు బంతుల పరికరం బీరువా మీద ఉందేమో, దించండి. నోట్లో గొట్టం పెట్టుకుని మెల్లగా గాలి లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. మొదట ఒక్కటే లేచినా చాలు. గంటకోసారి పదిమార్లు పీల్చాలి. వాకిట్లో నడిపించండి, మిగిలిన ఊపిరితిత్తి విప్పారుతుంది. పక్కటెముకల దగ్గర తిమ్మిరి కొన్ని నెలలుంటుంది. జ్వరం, ఒక్కసారిగా ఆయాసం, ఒక కాలే వాయడం కనిపిస్తే మాత్రం ఆగొద్దు. ఒక భాగం పోయిందని దిగులొద్దు: 1933లో అమెరికా సర్జన్ ఎవార్ట్స్ గ్రాహం క్యాన్సర్ ఉన్న ఒక డాక్టరుకు ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేశారు. ఆ డాక్టరు ఒక్క ఊపిరితిత్తితో దాదాపు 30 ఏళ్లు బతికారు.

ప్రశ్న: బొగ్గు బాయిలో పని, 30 ఏండ్లుగా సిగరెట్లు. ఏటా ఎక్స్‌రే బాగుందంటున్నారు. చాలదా?
- భూపాలపల్లి

జవాబు: చాలదు. చిన్న గడ్డ ఎక్స్‌రేలో గుండె చాటునో, ఎముకల చాటునో దాగుతుంది. తక్కువ రేడియేషన్ సీటీ తీయిస్తే దొరుకుతుంది. నెదర్లాండ్స్, బెల్జియంలలో పొగతాగేవారికి ఇలా స్కాన్ చేస్తూ పోతే, పదేళ్లలో మగవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 24 శాతం తగ్గాయని 2020లో తేలింది. రాతి ధూళి, డీజిల్ పొగ కూడా ఈ జబ్బు తెచ్చేవే, కాబట్టి మీ పని ఏమిటో డాక్టరుకు తప్పక చెప్పండి. పాత టీబీ మచ్చ ఉంటే అదీ స్కాన్‌లో గడ్డలా కనిపించి కంగారుపెట్టొచ్చు. అప్పుడు మూడు నెలలాగి మళ్లీ తీసి, పెరిగిందా లేదా పోల్చి చూస్తారు. మొదటి ఫిల్ము పారేయొద్దు.