దీవి పాస్‌పోర్టుకు డబ్బు కట్టే ముందు

భిలాయ్ నెహ్రూ నగర్‌లో చాలా తెలుగు ఇళ్ళల్లో ఇప్పుడు రెండు తరాల డబ్బు ఒకచోట చేరుతోంది. ఒకటి ఉక్కు కర్మాగారంలో రిటైరైన నాన్నగారి పీఎఫ్, గ్రాట్యుటీ. రెండోది దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, డల్లాస్‌లోనో ఉన్న పిల్లల సంపాదన. ఈ రెండింటి మీదా కన్నేసిన సరుకు ఒకటి వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో తిరుగుతోంది. చిన్న దీవి దేశాలకు డబ్బు కట్టి వాళ్ళ పౌరసత్వం తీసుకోవడం. 'ఆరు నెలల్లో రెండో పాస్‌పోర్టు, యూరప్‌కు వీసా అక్కర్లేదు, పిల్లల భవిష్యత్తు భద్రం' అని ఏజెంట్లు చెబుతున్నారు. జీతం మీద బతికే కుటుంబం ఈ మాటలు విని ఆస్తి అమ్మే ముందు కాసేపు కూర్చుని లెక్క చూసుకోవాలి. అందుకే ఈ వ్యాసం.

మొదట ధరలు. కరీబియన్‌లో ఈ పథకాలు నడిపే దేశాలు అయిదు. సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ 1984లోనే మొదలుపెట్టింది. డొమినికా 1993లో, ఆంటిగ్వా, గ్రెనడా 2013లో, సెయింట్ లూసియా ఆ తర్వాత వచ్చాయి. ఒకప్పుడు డొమినికాలో ఒక్క మనిషికి లక్ష డాలర్లు సరిపోయేది. ధరలు తగ్గించి పోటీ పడుతున్నారని అమెరికా, యూరప్ ఒత్తిడి తెచ్చాక, 2024లో ఈ దేశాలు 2 లక్షల డాలర్లకు తగ్గించకూడదని ఒప్పందం చేసుకున్నాయి. నలుగురున్న కుటుంబం ప్రభుత్వ నిధికి విరాళంగా కట్టాలంటే ఆంటిగ్వాలో 2,30,000, గ్రెనడాలో 2,35,000, సెయింట్ లూసియాలో 2,40,000, డొమినికాలో, సెయింట్ కిట్స్‌లో 2,50,000 డాలర్లు. ఒంటరి మనిషికైతే ఈ అయిదింటిలో డొమినికా 2 లక్షలతో అన్నిటికన్నా చవక. పసిఫిక్‌లోని వనువాటు ఇంకా చవక, ఒక్కరికి 1,30,000. వీటికి మనిషికి ఇంతని విచారణ ఫీజు, దరఖాస్తు ఫీజు, ఏజెంటు ఫీజు అదనం. దరఖాస్తు తిరస్కరించినా విచారణ ఫీజు వెనక్కి రాదు.

ఇది విరాళం. తిరిగొచ్చే డబ్బు కాదు. హోటల్ వాటానో, విల్లానో కొనే దారి కూడా ఉంటుంది. కానీ ఏళ్ళ తరబడి అమ్మకూడదు, అమ్మబోయే నాటికి కొనేవాళ్ళు దొరకడం కష్టం. చూడని ఊళ్ళో, కట్టీ కట్టని హోటల్లో గది వాటా కొనమని మా కాలనీలో ఎవరికీ నేను చెప్పను.

ధర పోల్చడం తేలిక. ఆ పాస్‌పోర్టు రేపు కూడా ఇలాగే పనిచేస్తుందా అన్నదే అసలు ప్రశ్న. బ్రిటన్ 2023 జులైలో డొమినికా, వనువాటు పౌరులకు వీసా తప్పనిసరి చేసింది. వనువాటుకు వీసా లేకుండా రానిచ్చే సౌకర్యాన్ని యూరోపియన్ యూనియన్ 2022 నుంచి ఆపి, 2024 చివర్లో పూర్తిగా రద్దు చేసింది. కెనడా 2014లో సెయింట్ కిట్స్‌కు, 2017లో ఆంటిగ్వాకు తలుపు మూసింది. 2025 డిసెంబర్‌లో అమెరికా పెంచిన ప్రయాణ ఆంక్షల జాబితాలో ఆంటిగ్వా, డొమినికా రెండూ చేరాయి. ఆ రెండు దేశాల్లో నివసించకుండానే డబ్బుకు పౌరసత్వం ఇస్తున్నారన్నదే చూపించిన కారణం. ఏజెంటు పంపే కాగితంలో వీసా లేకుండా వెళ్ళగల దేశాల సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఏ నెల లెక్కో రాయరు. మీకు కావలసిన మూడు నాలుగు దేశాల పేర్లు రాసుకుని, ఆ దేశాల ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే ఈరోజు నిబంధన చూడండి. మిగతా సంఖ్యతో మీకు పనిలేదు.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మన పిల్లల్ని లాగడానికి వాడే పేరు గ్రెనడా. అమెరికాతో గ్రెనడాకు ఒప్పందం ఉంది కాబట్టి గ్రెనడా పౌరులు ఈ-2 వీసా అడగవచ్చు. ఇది నిజమే. కానీ పెట్టుబడితో పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఆ దేశంలో కనీసం మూడేళ్ళు వరుసగా నివాసం ఉండాలని 2022 డిసెంబర్‌లో అమెరికా చట్టం తెచ్చింది. పైగా ఈ-2 అంటే సొంత వ్యాపారం పెట్టి నడపాలి. దానంతట అది గ్రీన్ కార్డు తెచ్చిపెట్టదు. ఇంకా ముఖ్యమైన సంగతి, గ్రీన్ కార్డు వరుసలో అమెరికా చూసేది పుట్టిన దేశాన్ని. భిలాయ్ సెక్టార్ 9 ఆస్పత్రిలో పుట్టిన అబ్బాయి ఏ దీవి పౌరుడైనా భారతీయుల వరుసలోనే నిలబడాలి. గల్ఫ్‌లోనూ అంతే. ఏ పాస్‌పోర్టు ఉన్నా పనిచేయడానికి కంపెనీ ఇచ్చే వీసా కావాల్సిందే. ఉద్యోగం కోసమే అయితే ఈ పాస్‌పోర్టుతో తెరుచుకునే తలుపు దాదాపు లేదు.

ఇక ఏజెంటు చెప్పని ధర. భారత పౌరసత్వ చట్టం 1955లోని 9వ సెక్షన్ ప్రకారం, స్వచ్ఛందంగా వేరే దేశ పౌరసత్వం తీసుకున్న క్షణం మన పౌరసత్వం పోతుంది. పాత పాస్‌పోర్టును అప్పగించాలి. దాచుకుని వాడితే జరిమానా పడుతుంది, కేసు కూడా కావచ్చు. ఆ తర్వాత ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తెచ్చుకోవచ్చు. వీసా లేకుండా రావచ్చు, ఉండవచ్చు. ఓటు ఉండదు, ప్రభుత్వ ఉద్యోగం ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఉక్కు పనిలో స్థిరపడ్డ కుటుంబాలకు ఊళ్ళో ఇప్పటికీ ఎకరమో, అరెకరమో ఉంటుంది. ఓసీఐ అయిన కొడుక్కి ఆ పొలం వారసత్వంగా రావచ్చు, నాన్న బతికుండగా గిఫ్ట్ డీడ్ రాసివ్వడం కుదరదు. రేపు తిరిగొచ్చి ఊళ్ళో పక్క చేను కొనుక్కుందామన్నా ఆ హక్కు ఓసీఐ కార్డుతో రాదు.

పిల్లల చదువు సంగతి భిలాయ్ తల్లిదండ్రులు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఐఐటీ సీటు కోసం ఎనిమిదో తరగతి నుంచే పిల్లల్ని కోచింగ్‌కు పంపే ఊరు మనది. దరఖాస్తులో పిల్లల పేర్లు కూడా చేర్చి దీవి పౌరసత్వం తీసుకుంటే వాళ్ళూ విదేశీయులే అవుతారు. 2021 మార్చి 4న కేంద్ర హోం శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ విద్యార్థులు జేఈఈ, నీట్ రాయవచ్చు గానీ ఎన్ఆర్ఐ సీట్లకో, అదనంగా పెట్టిన సీట్లకో మాత్రమే అర్హులు. మామూలు సీట్లు భారత పౌరులకే. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను ఆ తేదీకి ముందే ఓసీఐ పొందినవాళ్ళకు వర్తింపజేయవద్దంది. అంటే ఇకమీదట ఓసీఐ అయ్యే పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. పదో తరగతి చదివే అమ్మాయి ర్యాంకు తెచ్చుకున్నాక, ఆ సీటుకు అర్హత లేదని తెలిస్తే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆపద వచ్చినప్పుడు ఏ దేశం మనల్ని తనవాళ్ళనుకుంటుందో 2020లో చూశాం. కోవిడ్ మొదట్లో వందే భారత్ విమానాలు ముందు భారత పౌరులకే. ఓసీఐ వాళ్ళ వీసా రహిత ప్రయాణం ఆగిపోయింది, మే చివర్లో కొన్ని వర్గాలకు మాత్రమే సడలించారు. గల్ఫ్‌లో పాస్‌పోర్టు పోయినా, జీతం ఆపేసినా, మనిషి పోయినా భారత కాన్సులేట్‌కు పరిగెత్తుతాం. డొమినికా పౌరుడికి ఆ హక్కు ఉండదు.

డబ్బు పంపే దగ్గర మరో ఇబ్బంది. రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ పద్ధతిలో ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్లే బయటికి పంపవచ్చు. ఫీజులు కలిపితే కుటుంబానికయ్యే ఖర్చు ఒక్కరి పరిమితిని దాటుతుంది. డాలరు 90 రూపాయల లెక్కన ఆంటిగ్వా విరాళం 2 కోట్ల 7 లక్షలు. 10 లక్షలు పోగా మిగిలిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) కోస్తుంది. అంటే దగ్గరదగ్గర 39 లక్షల 40 వేలు. రిటర్ను వేశాక తిరిగొస్తుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. పన్ను తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏడాదిలో 182 రోజులు నెహ్రూ నగర్‌లోనే ఉంటే, చేతిలో ఏ పాస్‌పోర్టు ఉన్నా ఇక్కడి పన్ను కట్టాల్సిందే.

ఈ పాస్‌పోర్టుల చుట్టూ ఉన్న పేర్లు కూడా గుర్తుంచుకోండి. పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణంలో నిందితుడైన మెహుల్ చోక్సీ 2017లో ఆంటిగ్వా పౌరసత్వం పొందాడు. ఐపీఎల్ వ్యవహారాల్లో ఇక్కడ కేసులున్న లలిత్ మోడీ వనువాటు పాస్‌పోర్టు తీసుకుంటే 2025 మార్చిలో ఆ దేశ ప్రధాని రద్దు చేయమన్నాడు. ఇలాంటివి జరిగిన కొద్దీ నిజాయతీగా దరఖాస్తు చేసే భారతీయుడి కాగితాల మీద విచారణ పెరుగుతుంది. ఫారం 16, ఐటీఆర్, ఇల్లు అమ్మిన డాక్యుమెంటు, ప్రతి రూపాయికీ లెక్క చూపాలి. కరీబియన్ దేశాల్లో ఇప్పుడు ఇంటర్వ్యూ కూడా తప్పనిసరి.

ఇది ఎవరికి పనికొస్తుంది? దేశం బయటే స్థిరపడి, వ్యాపారం బయటే ఉండి, నెలకో దేశం తిరగాల్సినవాళ్ళకు, తిరిగి వచ్చే ఆలోచన లేనివాళ్ళకు, ఈ డబ్బు పోయినా ఇల్లు కదలనివాళ్ళకు. అలాంటివాళ్ళు కూడా ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని అధీకృత ఏజెంట్ల జాబితాలో పేరుందో లేదో చూసి, ప్రాథమిక ఆమోదం వచ్చాకే విరాళం కట్టాలి. ఏజెంటు సొంత ఖాతాలో అసలు వేయకూడదు.

మిగతావాళ్ళకు పౌరసత్వం వదలకుండానే విదేశంలో ఉండే దారులున్నాయి. దుబాయ్‌లో 20 లక్షల దిర్హామ్‌ల ఇల్లు కొన్నవాళ్ళకు గోల్డెన్ వీసా ఇస్తారు. అది నివాస అనుమతి మాత్రమే, భారత పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంటుంది. 2025 జులైలో లక్ష దిర్హామ్‌లకే జీవితాంతం గోల్డెన్ వీసా అని ప్రచారం జరిగితే యూఏఈ ప్రభుత్వమే అది అబద్ధమని ప్రకటించింది. దీవిలోనే ఉండాలనుకుంటే, 19వ శతాబ్దంలో చెరకు తోటలకు వెళ్ళిన మన తెలుగువాళ్ళ సంతతి ఉగాదిని ప్రభుత్వ సెలవుగా జరుపుకునే మారిషస్ ఉంది. అక్కడ 3,75,000 డాలర్ల ఇల్లు కొంటే నివాస అనుమతి ఇస్తారు. ఉద్యోగం మీద వెళ్ళేవాళ్ళకు వేరే పర్మిట్ ఉంది, దానికి విరాళమేమీ కట్టక్కర్లేదు.

జీతం, పెన్షన్ మీద నడిచే ఇంటికి దీవి పౌరసత్వం వద్దు. ఆ రెండు కోట్లలో పదో వంతు పిల్లల చదువుకో, పై నైపుణ్యానికో పెడితే బయటి దేశంలో ఉద్యోగం అంతకంటే ముందు దొరుకుతుంది. ఇంకా మనసు అటే లాగుతుంటే, అడ్వాన్సు కట్టే ముందు ఆ కాగితాలు ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌కూ, ఒక పౌరసత్వ న్యాయవాదికీ చూపించండి. ఇంట్లో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే వాళ్ళ పేర్లు మాత్రం ఆ దరఖాస్తులో రాయకండి.