ఎవరి కోసం ఇచ్చిన వరం?

ఒంగోలు

ప్రియమైన చిన్నీ,

నువ్వు పంపిన మెసేజ్ చదివాను. ఫోన్‌లో నాలుగు మాటల్లో తేలే సంగతి కాదు కాబట్టి కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు. పక్కన బైబిలు పెట్టుకో.

యూత్ రిట్రీట్‌లో మీ అందరికీ ప్రశ్నల కాగితాలు ఇచ్చారని, మార్కులు కూడి ఎవరికి ఏ ఆత్మవరం ఉందో చెప్పారని రాశావు. నీ స్నేహితురాలికి బోధ, ఇంకొకరికి ప్రవచనం, నీకేమో ‘సహాయం’, ‘నిర్వహణ’ వచ్చాయి. ఆ రాత్రి కూడికలో చుట్టూ ఉన్నవాళ్ళు తెలియని భాషల్లో ప్రార్థిస్తుంటే నీ నోట ఒక్క ముక్క రాలేదు. ‘అందరికీ పంచగా మిగిలింది నాకు వేశాడా దేవుడు, పెద్దమ్మా?’ అన్నావు. ఆ మాట చదివి చాలా బాధపడ్డాను. నీమీద కోపంతో కాదు, నీ చేత ఆ మాట అనిపించిన పద్ధతి మీద.

ఈ బాధ కొరింథు సంఘం నాటిది. ఆ ఊరి సంగతి కొంచెం తెలిస్తే పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక బాగా అర్థమవుతుంది. క్రీస్తుపూర్వం 146లో రోమావాళ్ళు కొరింథును నేలమట్టం చేశారు. 44లో జూలియస్ సీజరు మళ్ళీ కట్టించి, కొత్త జనాన్ని తెచ్చి నింపాడు. వాళ్ళలో బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళు ఎక్కువ. రెండు వైపులా రెండు రేవులు, బోలెడంత వ్యాపారం, చేతినిండా డబ్బు. పాత వంశాల పేర్లు లేని ఊళ్ళో ఎవరు ఎంత ఎత్తున కనిపిస్తే అంత గౌరవం. పౌలు అక్కడ ఏడాదిన్నర ఉండి సంఘం కట్టాడు. తర్వాత ఎఫెసులో ఉన్నప్పుడు, సుమారు క్రీ.శ. 54-55 ప్రాంతంలో, వాళ్ళకు ఆ పత్రిక రాశాడు. ఊరి జబ్బు అప్పటికే సంఘంలోకి వచ్చేసింది. భాషల్లో మాట్లాడేవాడు గొప్పవాడు, మాట్లాడనివాడు తక్కువవాడు. దేవుడిచ్చినదాన్ని కూడా వాళ్ళు ఎత్తు పెంచుకునే పీటగా వాడుకున్నారు.

పన్నెండో అధ్యాయం ఒక్కటే చదివి ఆగిపోవద్దు. పదకొండు నుంచి మొదలుపెట్టు. అక్కడ ప్రభు భోజనానికి కూడినప్పుడు ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తుగా ఉన్నాడని పౌలు మందలిస్తాడు. ఆ వెంటనే వరాల మాట ఎత్తుతాడు. ఆ రెండూ వేరు వేరు సంగతులని నేను అనుకోను. పక్కవాడి ఆకలి కంటపడని సంఘంలో భాషలూ ప్రవచనాలూ ఎన్ని ఉండి ఏం లాభం? అందుకే ఆత్మ ప్రత్యక్షత ఎవరికి ఇచ్చినా అందరి ప్రయోజనం కోసమే ఇచ్చాడని పన్నెండో అధ్యాయం మొదట్లోనే, ఏడో వచనంలో చెప్పేశాడు. నేను నీకు చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది. నీకిచ్చిన వరం నీది కాదమ్మా, నీ పక్కన ఉన్నవాళ్ళది. నీ చేతికి ఇచ్చాడు, అంతే. పేతురు కూడా తన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో మనల్ని గృహనిర్వాహకులు అన్నాడు. ఇంటి సామాను నిర్వాహకుడి చేతిలో ఉంటుంది, కానీ అది ఇంట్లోవాళ్ళందరి కోసం.

ఇక భాషల సంగతి. ఈ వరాలు అపొస్తలుల కాలంతోనే ఆగిపోయాయని నమ్మే సంఘాలున్నాయి. భాషలు రాకపోతే ఆత్మ పొందనట్టే అని నమ్మే సంఘాలూ ఉన్నాయి. మన కుటుంబంలోనే రెండు వైపులవాళ్ళూ ఉన్నారు, నీకు తెలుసు. దేవుడు ఇవ్వదలిస్తే ఈ రోజుకీ ఇస్తాడని నా నమ్మకం. అందరికీ అదే ఇవ్వాలని మాత్రం లేదు. పన్నెండో అధ్యాయం చివర పౌలు వరసగా ప్రశ్నలు వేస్తాడు. అందరూ అపొస్తలులా? అందరూ భాషలతో మాట్లాడతారా? ‘కాదు’ అనే జవాబు కోసమే ఆ ప్రశ్నలు. పద్నాలుగో అధ్యాయంలో ఇంకా గట్టిగా చెప్పాడు. భాషల్లో మాట్లాడితే ఇద్దరు ముగ్గురికి మించకూడదు, అదీ ఒకరి తర్వాత ఒకరు, అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండాలి. మీ కూడికలో ఆ రాత్రి ఎవరైనా అర్థం చెప్పారా? చెప్పకపోతే నీ మౌనానికి నువ్వు సిగ్గుపడాల్సిన పని లేదు. ఆ రెండు అధ్యాయాల మధ్య ఉన్న పదమూడో అధ్యాయాన్ని మనవాళ్ళు పెళ్ళిళ్ళలో చదివించుకుంటారు. చదవడం మంచిదే. కానీ పౌలు దాన్ని రాసింది వరాల కోసం పోట్లాడుకుంటున్న సంఘానికి.

నీ కాగితంలో వచ్చిన రెండు మాటలూ ఆ పన్నెండో అధ్యాయం 28వ వచనంలో ఉన్నాయి, చూడు. స్వస్థపరిచే వరానికీ భాషలకూ నడుమ, అదే వరసలో సహాయం చేసేవాళ్ళనూ నిర్వహించేవాళ్ళనూ పెట్టాడు. పెద్ద వరాల జాబితా ఒకటి, చిల్లర వరాల జాబితా ఒకటి అంటూ విడిగా రాయలేదు. నిర్గమకాండం 31 తీసి చూడు. దేవుడు తన ఆత్మతో నింపానని పేరు పెట్టి చెప్పిన మనిషి బెసలేలు. అతను చేసింది ప్రసంగం కాదు. బంగారం, వెండి, ఇత్తడి పని, రాళ్ళు చెక్కే పని, కొయ్య పని. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు రోజూ ఇచ్చే భోజనంలో అన్యాయం జరుగుతోందని గొడవ వచ్చింది. దాన్ని సరిచేయడానికి ఏడుగురిని ఏర్పరచుకోమన్నప్పుడు అపొస్తలులు అడిగిన మొదటి అర్హతలు ఏమిటి? మంచిపేరు, ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండి ఉండటం. వడ్డన సరిగ్గా జరగడానికి! పైగా ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళలోంచే మనుషులను ఎన్నుకున్నారన్నమాట. నిర్వహణ అంటే నాకు అదీ, చిన్నీ. రిజిస్టరు నింపడం అందులో ఒక ముక్క మాత్రమే. ఎవరి పళ్ళెం ఖాళీగా ఉందో చూసి, ఇకముందు అలా జరగకుండా ఏర్పాటు చేయడం ముఖ్యం.

మన ఊరి సంగతే చెబుతాను. 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని నువ్వు సండే స్కూల్లోనే విన్నావు. ఆ అంకె అందరికీ గుర్తుంటుంది. అంతకు ముందు రెండేళ్ళు ఏం జరిగిందో చెప్పేవాళ్ళు తక్కువ. 1876-78 కరువు అది. జనం ఊళ్ళు వదిలి ఆకలితో రోడ్ల మీద పడ్డారు. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టింది. ఇక్కడి మిషనరీ క్లౌ దొరగారు అమెరికాలో చిన్నప్పుడు సర్వే పని నేర్చుకున్న మనిషి. ఆయన ఆ కాలువలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని, తిండిలేని జనానికి అక్కడ పని ఇప్పించారు. తెలుగు బోధకులే ఒక్కో జట్టుకు మేస్త్రీలుగా నిలబడ్డారు. పని కొలవాలి, కూలి లెక్క కట్టాలి, తాగడానికి నీళ్ళు చూడాలి, రాత్రికి తల దాచుకునే చోటు చూడాలి, జబ్బుపడ్డవాళ్ళను కనిపెట్టాలి. ఆ పనులు చేస్తూ, మధ్యాహ్నం జనం కూలబడినప్పుడు పక్కన కూర్చుని వాక్యం చెప్పారు. సాయం అందుతున్నన్నాళ్ళూ దొరగారు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం క్రీస్తు పేరు చెప్పే పరిస్థితి ఎవరికీ రాకూడదని ఆయన పట్టుదల. కరువు తగ్గి, సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. అప్పుడు నదిలోకి దిగారు.

అందులో ఏది ఆత్మ వరం, ఏది మామూలు పని అని నువ్వు విడదీయగలవా? గొలుసు పట్టి నేల కొలిచిన చదువు, న్యాయంగా కూలి పంచిన చేయి, ఇప్పుడు కాదు అని ఆపిన వివేచన, ఎండలో కూర్చుని చెప్పిన వాక్యం. నేను విడదీయలేను.

ఇంకో చోటు కూడా చెప్పాలి. పుణె దగ్గర కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో 1905లో పెద్ద ఉజ్జీవం వచ్చింది. అక్కడి ఆడపిల్లలు రాత్రీ పగలూ ప్రార్థించారని, వాళ్ళు తెలియని భాషల్లో ప్రార్థించడం విన్నామని చూసినవాళ్ళు రాశారు. మీ యూత్ లీడరు ఈ కథ చెప్పే ఉంటాడు. ఆ పిల్లలు ఎవరో కూడా చెప్పాడా? కరువులో అనాథలైనవాళ్ళు, బాలవితంతువులు. ఆ ప్రాంగణంలోనే బడి, పొలం, మగ్గాలు, అచ్చుయంత్రం ఉండేవి. రమాబాయి బైబిలును మూల భాషల నుంచి మరాఠీలోకి అనువదిస్తే అచ్చు పనిలో ఆ ఆడవాళ్ళ చేతులే ఉన్నాయి. అనువాదం పూర్తిచేసి 1922లో ఆమె కన్నుమూసింది. ప్రార్థన వినిపించిన గోడల లోపలే మగ్గం చప్పుడూ వినిపించింది. అలాంటి ఉజ్జీవం మన దగ్గరికీ రావాలని నా ఆశ.

ఇప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. ‘నీది సహాయం చేసే వరం తల్లీ’ అని చెప్పి ఆడపిల్లలను వంటగదికీ, పేదవాళ్ళను బెంచీలు మోయడానికీ కట్టిపడేసే సంఘాలున్నాయి. వరం పేరు చెప్పి పని అంటగట్టడం అది. పౌలు చెప్పింది దానికి పూర్తిగా ఎదురు. సంఘాన్ని శరీరంతో పోల్చి, తక్కువదిగా కనిపించే అవయవానికే ఎక్కువ ఘనత ఇవ్వాలన్నాడు. ఫీబేను చూడు. కొరింథు రేవుల్లో ఒకటైన కెంక్రేయలో సంఘ పరిచారకురాలు. చాలామందికి, తనకు కూడా ఆమె సహాయకురాలని చెప్పి, ఆమెను తగిన విధంగా చేర్చుకోమని, ఆమెకు ఏం అవసరమైనా సాయం చేయమని పౌలు రోమా సంఘానికి రాశాడు. ఆ పత్రికను ఆమె చేతికే ఇచ్చి పంపి ఉంటాడని చాలామంది పండితుల అభిప్రాయం. సహాయం చేసే మనిషికి సంఘం చూపించాల్సిన గౌరవం అది. మీ దగ్గర అన్నం వండేవాళ్ళు కమిటీలో కూర్చోవడానికి పనికిరారంటే, వంటకు ఒప్పుకో, ఆ సంగతి కూడా అడుగు. అలసిపోయినప్పుడు ఈ వారం నావల్ల కాదని చెప్పు. కరుణించేవాడు సంతోషంగా కరుణించాలని రోమీయులకు రాసిన పత్రికలో ఉంది. ఓపిక అంతా పిండేసి, ముఖం మాడ్చుకుని చేసిన సాయం తీసుకునేవాళ్ళకీ భారమే.

వరం పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళకు. ప్రార్థన చేశాం, ఇక ఇన్సులిన్ ఆపేయమని మీ అమ్మతో ఎవరైనా అంటే, ఎంత పేరున్నవాళ్ళైనా సరే, ఆమెను అక్కడి నుంచి ఇంటికి తీసుకొచ్చేయి. స్వస్థత కోసం నేనూ ప్రార్థిస్తాను, రోజూ బీపీ మాత్ర కూడా వేసుకుంటాను.

మరి నా వరం ఏమిటో ఎలా తెలుసుకోవాలి అంటావు. ఆ ప్రశ్నల కాగితం నీకు ఏది ఇష్టమో చెప్పగలదు. ఎవరికి నీ అవసరం ఉందో అది చెప్పలేదు. నీ లోపల వెతకడం కాసేపు ఆపి, ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి చూడు. ఎవరి కష్టం నీ కంటికి పదే పదే తగులుతుంది? అందరూ దాటి వెళ్ళిపోయినా నువ్వు దాటలేకపోయేది ఏది? నా అనుభవంలో వరం అక్కడే బయటపడుతుంది. ముందు చెయ్యి వేయాలి, పేరు తర్వాత సంగతి. అది నీకంటే ముందు ఇతరులకు తెలుస్తుంది కూడా. యెరూషలేములో శిష్యులంతా సౌలును, అంటే పౌలును, చూసి భయపడుతుంటే, బర్నబా ఒక్కడే అతన్ని చేరదీసి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్ళాడు. తర్వాత అంతియొకయలో బోధకులు అవసరమైనప్పుడు తార్సుకు వెళ్ళి వెతికి మరీ తీసుకొచ్చాడు. పౌలులో ఉన్నదాన్ని సంఘానికి అందేలా చేసినవాడు బర్నబా. నీ చుట్టూ అలాంటి మనిషి ఒకరుంటారు. నిన్ను ఎరిగిన పెద్దవాళ్ళను ఇద్దరు ముగ్గురిని అడుగు, మీ పాస్టరమ్మగారిని తప్పకుండా అడుగు.

నువ్వు ఆడిట్ ఆఫీసులో పనిచేస్తున్నావు. కాగితాలంటే నీకు భయం లేదు. మీ సంఘంలో చాలామందికి ఉంది. బీసీ-సి సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే కుర్రాళ్ళుంటారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు దాటిపోయి చదువు మానేసే పిల్లలుంటారు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు చేతిలో పట్టుకుని ఏ కౌంటరు దగ్గర నిలబడాలో తెలియక ఆసుపత్రి వరండాలో కూర్చుండిపోయే ముసలివాళ్ళుంటారు. వాళ్ళకు పాట పాడేవాళ్ళు కావాలి, ప్రార్థన చేసేవాళ్ళు కావాలి. ఆ ఫారం సరిగ్గా నింపి, పక్కన నిలబడి, రసీదు తీసుకునే మనిషి కూడా కావాలి. అది చేసేటప్పుడు ప్రార్థన చెయ్యి. ప్రార్థన అయ్యాక మళ్ళీ ఆ కౌంటరు దగ్గరికి వెళ్ళు. ఒక్కదానివే నెత్తిన వేసుకోకు. ఆ బోధ వరం వచ్చిన స్నేహితురాలిని వెంట తీసుకెళ్ళు. వరండాలో ఎదురుచూసే గంటల్లో ఆమె పక్కవాళ్ళకు చెప్పే మాటలు వేదిక మీద చెప్పేవాటికంటే బాగుంటాయి.

నవంబరు వస్తోంది. పెన్షన్ తీసుకునేవాళ్ళలో చాలామంది లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు, కానీ చాలామంది పెద్దవాళ్ళకు ఆ పద్ధతి తెలియదు. మీ సంఘంలో రిటైరైన టీచర్లు, రైల్వేవాళ్ళు, వాళ్ళ విధవరాళ్ళు ఎంతమంది ఉన్నారో ఈ ఆదివారం పాస్టరమ్మగారిని అడిగి నాకు రాయి. నడవలేనివాళ్ళ పేర్లు విడిగా రాయి. ముందు వాళ్ళ ఇళ్ళకు వెళ్దువుగాని.

అమ్మానాన్నలకు నా వందనాలు చెప్పు.

ప్రభువునందు,
నీ పెద్దమ్మ