గుండె జబ్బు రోగి ఇల్లు చేరిన పిదప – పంచాయతీ బాధ్యత

గుండె జబ్బుతో పట్టణపు ఆసుపత్రికి పోయిన రోగి ప్రాణముతో తిరిగి వచ్చినచో ఇంటిల్లిపాదికిని సంతోషము కలుగును. ఊరివారు వచ్చి పలుకరింతురు. గండము గడచినదని అందరును తలంతురు. కాని ఇంటెన్సివ్ కేర్ వార్డులో వైద్యులు, నర్సులు రాత్రింబవళ్లు చేసిన కాపలా అంతటితో ముగియదు. ఆ కాపలాను ఇకమీదట కుటుంబమును, గ్రామమును వహింపవలసి యుండును. బొంరాస్‌పేట వంటి మండలములలో పంచాయతీ సభ్యులు ఈ విషయమున ఏమి చేయగలరో తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

వ్యాధి స్వరూపము

గుండె వైఫల్యమనగా గుండె ఆగిపోవుట కాదు. శరీరమునకు కావలసినంత రక్తమును పంపు శక్తి గుండెకు తగ్గుటయే ఈ వ్యాధి. మోటారు బలహీనమైనచో చివరి మడికి నీరందదు గదా! అట్లే రక్తము సరిగా సాగనందున అవయవములు నీరసించును. ఊపిరితిత్తులలోను, కాళ్లలోను, కడుపులోను నీరు చేరును. గుండెపోటు, అధిక రక్తపుపోటు, మధుమేహము, మద్యపానము దీనికి కారణములు. చిన్నతనమున కీళ్లవాపు జ్వరము వచ్చి గుండె కవాటములు చెడినవారికిని, కొందరు స్త్రీలకు కాన్పు సమయమునను ఇది కలుగును. అట్టి స్త్రీలు వైద్యుని సలహా లేక మరల గర్భము ధరింపరాదు.

మొదటి మూడు నెలలు

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున దేశములోని 53 ఆసుపత్రులలో పదివేలకు పైబడిన గుండె వైఫల్య రోగుల వివరములు నమోదు చేయబడినవి. 2022లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, 90 దినములలో నూటికి 14 మంది మరణించిరి. రోగుల సగటు వయస్సు 60 ఏండ్లు మాత్రమే. నిర్దేశింపబడిన మందులు సక్రమముగా అందినవారు సగము మందికి తక్కువ. అందినవారిలో మరణములు తగ్గినవి.

ఇంటివద్ద జాగ్రత్త ఎంత ఉపకరించునో అమెరికాలోని సెయింట్ లూయీస్ నగరమున పరీక్షించి చూచిరి. 70 ఏండ్లు దాటిన 282 మంది రోగులలో కొందరికి నర్సు మందుల సంగతియు, ఆహారపు సంగతియు బోధించి, ఇల్లు చేరిన పిదపకూడ విచారించుచు వచ్చినది. 1995లో వెలువడిన ఫలితములలో, ఇట్టి విచారణ పొందినవారు గుండె వైఫల్యముతో మరల ఆసుపత్రిలో చేరుట సగమునకు పైగా తగ్గెనని తేలినది. ఇందుకు క్రొత్త యంత్రమేదియు అవసరము కాలేదు. శ్రద్ధగా అడుగు మనిషి ఒకరు అవసరమైరి.

2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో నుండి, నేడు వికారాబాద్ జిల్లాలో చేరిన మన ప్రాంతమున ఈ అవసరము మరింత హెచ్చు. పిల్లలు ముంబై, పూణె, హైదరాబాదులకు వలసపోగా ముసలివారే మిగిలిన ఇండ్లు ఇచ్చట కలవు. ఆ ఇండ్లలోని రోగిని అడుగువారెవరు?

ఇంట పాటింపవలసిన నియమములు

1. బరువు: ప్రతిదినము ఉదయము మూత్రవిసర్జన చేసిన పిదప, ఏమియు తినకముందు బరువు చూచుకొని వ్రాసికొనవలెను. మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది కండ కాదు, నీరు. వెంటనే వైద్యునికి తెలుపవలెను.

2. ఉప్పు: ఆరోగ్యవంతునికే దినమునకు ఐదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తొక్కులు, అప్పడములు, ఎండుచేపలు, మిక్చరు ఈ రోగి మానుకొనవలెను. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు నిషిద్ధము కాదు. అందులో వేయు ఉప్పునే తగ్గింపవలెను. నీరు ఎంత త్రాగవలెనో వైద్యుడే నిర్ణయించును.

3. మందులు: ఆయాసము తగ్గినదని మందులు మానరాదు. మాటిమాటికి మూత్రము వచ్చుననియు, బస్సు ప్రయాణము కలదనియు నీటిమాత్రను కొందరు మానివేయుదురు; ఇది మిక్కిలి ప్రమాదకరము. వాంతులు, విరేచనములు పట్టుకొన్నప్పుడును, వేసవిలో తల తిరిగినప్పుడును మాత్రల మోతాదు మార్చవలసి యుండవచ్చును గనుక వైద్యుని అడుగవలెను.

4. నొప్పి మాత్రలు: మోకాళ్లనొప్పికి దుకాణములో కొను మాత్రలు పెక్కు శరీరములో నీరు నిలుపును. వైద్యుడు చెప్పనిదే వాడరాదు.

5. కల్లు, సారా, బీడీ, చుట్ట పూర్తిగా విడువవలెను. వైద్యుడు అనుమతించిన మేరకు ప్రతిదినము కొంచెము నడువవలెను.

ప్రమాద సూచనలు

వెల్లకిల పండుకొన్న దమ్ము వచ్చుట, రాత్రి ఊపిరాడక లేచి కూర్చుండుట, పాదములు వాచుట, క్రొత్తగా దగ్గు, మిక్కుటమైన నీరసము – వీనిలో ఏది కనిపించినను ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. ఛాతీలో నొప్పి, కూర్చున్నను తగ్గని ఆయాసము, స్పృహ తప్పుట కలిగినచో ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను. తెల్లవారనిమ్మని ఊరకుండుట ప్రాణాపాయకరము.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, పంచాయతీ కార్యాలయమున మంచి తూకపు యంత్రము నుంచి, ఇంట యంత్రము లేని రోగులు ప్రతిదినము బరువు చూచుకొను సదుపాయము కల్పింపవలెను. నడువలేనివారి ఇంటికి దానిని చేర్చవలెను. రెండవది, రోగి ఇల్లు చేరిన వారము లోపల ఆశ కార్యకర్త గాని, ఏ.ఎన్.ఎం. గాని డిశ్చార్జి చీటీ చూచి, మందులను ఒక్కొక్కటిగా వివరించునట్లు చూడవలెను. చదువురాని వారికి ఉదయపు మాత్రలు, రాత్రి మాత్రలు వేరువేరు డబ్బాలలో నుంచి గుర్తులు పెట్టవలెను.

మూడవది, ఒంటరిగా నున్న రోగికి పొరుగువారిలో ఒకరిని తోడుగా ఏర్పరచి, వలసపోయిన పిల్లల ఫోను నంబరును వారికి ఇప్పింపవలెను. నాల్గవది, మందులు అయిపోకముందే తెప్పించుటకును, తిరిగి చూపించుకొను తేదీకి ప్రయాణమునకును సాయపడవలెను. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంపబడినది. కొన్ని చికిత్సలకు తదుపరి పరీక్షలు, మందులు కూడ అందులో కలవు. చికిత్స జరిగిన ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనవలెను. ఐదవది, 30 ఏండ్లు దాటిన వారందరికి రక్తపుపోటు, మధుమేహ పరీక్షలు జరుగునట్లు ప్రోత్సహింపవలెను.

ఈ పనులను గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ సమావేశమున నెలకొకమారు సమీక్షింపవచ్చును. అయితే రోగి పేరు, జబ్బు గ్రామసభలో చదువరాదు. సాయము పొందుటకు సిగ్గుపడవలసిన స్థితి ఎవరికిని రాకూడదు.

రోడ్డు వేసినచో అందరికిని కనిపించును. ఒక వృద్ధురాలు మరల ఆసుపత్రి పాలు కాకుండ ఇంటనే సుఖముగా నుండుట కంటికి కనిపించెడి పని కాదు. అయినను అదియు పంచాయతీ సాధించిన అభివృద్ధియే.

చర్చింపదగిన ప్రశ్నలు

1. గత సంవత్సరము మన గ్రామమునుండి గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరినవారెందరు? వారిప్పుడెట్లున్నారు?
2. వారిలో ఒంటరిగా నివసించువారెందరు?
3. రాత్రివేళ 108 వాహనము ప్రతి వాడకును రాగలదా? దారిలో అడ్డంకులేవి?
4. తూకపు యంత్రమును ఎవరి బాధ్యతలో నుంచవలెను?