చేతివ్రాత చెడిన బిడ్డ
(విల్సన్ వ్యాధిని గుర్తించుట)

తల్లిదండ్రులారా! నిన్నటివరకు ముత్యములవలె వ్రాసిన బిడ్డకు కొన్ని నెలలలో దస్తూరి చెడును. కలము పట్టిన చేయి వణకును. మాట ముద్దగా వచ్చును. నోట చొంగ కారును. పాఠము మనసున నిలువదు. నిష్కారణముగ కోపమో యేడుపో కలుగును. మనము సోమరితనమని దండింతుము. గాలి సోకినదని తాయెత్తు కట్టింతుము. లేదా తెలుగుతోబాటు ఇతర భాషలును నేర్వవలసి వచ్చుటచే వెనుకబడెనని సరిపెట్టుకొందుము. ప్రతి చెడు దస్తూరియు రోగము కాదు. కాని బాగుగ వ్రాయు బిడ్డ క్రమముగ దిగజారినచో వైద్యునికి చూపవలెను.

ఇట్టి మార్పునకు విల్సన్ వ్యాధి యొక కారణము కావచ్చును. ఇది అరుదు, సుమారు 30,000 మందిలో ఒకరికి వచ్చునని అంచనా. 1912లో డాక్టరు కినియర్ విల్సన్ దీనిని వివరించెను.

మన యాహారమున కొంచెము రాగి యుండును. ఇచట రాగి యనగా లోహమే గాని ముద్దగా వండుకొను ధాన్యము కాదు. దేహమునకు మిగిలిన రాగిని కాలేయము పిత్తరసముతో వెలుపలికి పంపును. పుట్టుకతో వచ్చిన లోపముచే ఆ పని సాగనిచో, రాగి కాలేయమునందును మెదడునందును పేరుకొనును. అందుచే కొందరికి కామెర్లు, కడుపు ఉబ్బుట. మరికొందరికి వణకు, కాలుసేతులు బిగిసి మెలిదిరుగుట, నడక తడబడుట కనుపించును.

నేత్రవైద్యుడు పరికరముతో చూచినచో నల్లగ్రుడ్డు అంచున గోధుమవన్నె వలయము కనుపించవచ్చును. అది లేనంతమాత్రమున రోగము లేదనరాదు. రక్తపరీక్షయు, 24 గంటల మూత్రములో రాగి పరీక్షయు అవసరము.

దీనికి చికిత్స కలదు. 1956లో డాక్టరు జాన్ వాల్ష్ పెనిసిలమిన్ అను మందు రాగిని మూత్రముద్వారా వెడలించునని చూపెను. నేడు ట్రయెంటీన్, జింకు మందులును కలవు. త్వరగా ఆరంభించిన మేలు హెచ్చు. ఆలస్యమైనచో మెదడునకు కలిగిన హాని పూర్తిగ తీరకపోవచ్చును. మందును జీవితాంతము వాడవలెను. నయమైనదని మానుట ప్రాణాపాయము. రాగిచెంబు ఈ రోగమునకు కారణము కాదు. కాని రోగి అందులో నిలువయుంచిన నీరు త్రాగరాదు.

తల్లిదండ్రు లిరువురియందును లోపము దాగియున్నచో, ప్రతి కాన్పునను బిడ్డకు ఈ రోగము వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. మేనరికములలో ఇట్టి కలయిక హెచ్చు. కావున ఒకరికి రోగము తేలినచో, ఆరోగ్యముగ కనుపించు తోబుట్టువులను గూడ పరీక్ష చేయింపవలెను.

వైద్యునికడకు పోవునపుడు బిడ్డ నిరుటి నోటుపుస్తకమును, ఈయేటి దానిని వెంట గొనిపొండు. బెత్తము తీయుటకు ముందు ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు.