మైక్రోస్కోపును తయారుచేసే వైపు రండి

మైక్రోస్కోపులో చూడటం నేర్పే కోర్సులు చాలా ఉన్నాయి. దాన్ని తయారుచేయగలవాళ్లు తక్కువ. తిరుపతి, చిత్తూరు విద్యార్థులు కన్నేయాల్సింది ఈ రెండో వైపే అని నా గట్టి నమ్మకం.

బతికున్న కణం దాదాపు పారదర్శకం. రంగు వేస్తే కనబడుతుంది కానీ చాలా రంగులు దాన్ని చంపేస్తాయి. 1950లలో జార్జ్ నొమార్‌స్కీ తీర్చిదిద్దిన డీఐసీ (డిఫరెన్షియల్ ఇంటర్‌ఫియరెన్స్ కాంట్రాస్ట్) పద్ధతికి రంగు అక్కర్లేదు. ధ్రువణ కాంతిని, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని, ప్రిజంతో రెండుగా చీల్చి, అతి స్వల్ప ఎడంతో కణం గుండా పంపి మళ్లీ కలుపుతారు. ఆ రెంటి మధ్య వచ్చిన తేడా వెలుగునీడలై, కణం ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. చిక్కేమిటంటే, చీల్చిన దిశలోనే పడుకున్న అంచులు కనబడవు. వాటికోసం సాంపిల్‌ను తిప్పేలోగా కణం కదిలిపోతుంది. ద్రవంలా పారుతూనే అణువులు ఒక వరుసలో నిలిచే ద్రవ స్ఫటికాలు అక్కరకొచ్చేది ఇక్కడే. వోల్టేజీ మారిస్తే వాటి అణువుల వాలు మారుతుంది, దాంతో కాంతి ధ్రువణమూ మారుతుంది. ఏ భాగాన్నీ తిప్పకుండానే దిశ మార్చవచ్చు. అమెరికాలోని వుడ్స్ హోల్ మెరైన్ బయలాజికల్ లేబొరేటరీలో మైకేల్ శ్రీబాక్, షిన్యా ఇనోయె అన్ని దిశల అంచులనూ పట్టే పద్ధతిని 2006లో ప్రచురించారు. తర్వాత శ్రీబాక్ దాన్ని ద్రవ స్ఫటికాలతో వేగవంతం చేశారు.

ఇలాంటి పరికరానికి ఆప్టిక్స్, ఎలక్ట్రానిక్స్, పైథాన్ మూడూ తెలిసిన మనిషి కావాలి. ఇంటర్ ఎంపీసీ, బైపీసీ వాళ్లు ఐఏటీ (ఐసర్ ప్రవేశ పరీక్ష) రాసి యేర్పేడు దగ్గరి ఐసర్‌లో చేరవచ్చు. ఎస్వీ యూనివర్సిటీ పరిధిలో బీఎస్సీ ఫిజిక్స్ చదివేవాళ్లకు ఎమ్మెస్సీ కోసం జామ్, ఆ పైన పరిశోధన కోసం నెట్, గేట్ పరీక్షలు ఉన్నాయి. ద్రవ స్ఫటికాల పరిశోధనకైతే బెంగళూరులోని సెన్స్ (నానో, సాఫ్ట్ మ్యాటర్ శాస్త్రాల కేంద్రం) దగ్గరి చోటు. శివరామకృష్ణ చంద్రశేఖర్ 1991లో స్థాపించిన కేంద్రమే అది. పళ్లేల ఆకారపు అణువులూ ద్రవ స్ఫటికాలు కాగలవని 1977లో చూపిన బృందానికి నాయకుడాయనే. ధ్రువణం పాఠం మన గాదంకి వాతావరణ పరిశోధన కేంద్రంలోనూ పనిచేస్తోంది. ఆకాశంలోకి లేజర్ కాంతిని పంపే అక్కడి లైడార్, తిరిగొచ్చిన కాంతి ధ్రువణాన్ని చూసే మేఘంలో ఉన్నది మంచు స్ఫటికాలో నీటి బిందువులో తేలుస్తుంది.

అడ్మిషన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. పాడైన కాలిక్యులేటర్ తెర నుంచి పోలరైజర్ పొరలు ఊడదీయండి. రెంటినీ ఒకదానికొకటి అడ్డంగా పెట్టి, మధ్యలో సెల్లోటేపు ముక్కలు అతికించిన గాజు పలక ఉంచి వెలుతురులో చూడండి. ఆ రంగులెందుకొచ్చాయో నోట్సులో మీ మాటల్లో రాయండి. తర్వాత టేపు తీసి ప్లాస్టిక్ పెట్రీ డిష్ పెట్టండి. మామూలు డీఐసీలో ఆ డిష్ ఎందుకు పనికిరాదో మీకే తెలుస్తుంది.