పెనుగంచిప్రోలు ఆడపడుచూ, పారిస్ అక్కా

చెల్లెళ్లూ, ముందే చెప్తున్నా, ఈసారి ముచ్చట్లు కాస్త గ్రీజు వాసన కొడతాయి. ఆటోనగర్‌లో మా లేత్ షాపు పక్కగదిలో కూర్చుని రాస్తున్నాను. అవతలి షెడ్డులో లారీ బాడీ కడుతున్నారు. గ్రైండరు మొదలెట్టారంటే నా మాట నాకే వినపడదు. అది ఆపినప్పుడల్లా నాలుగు ముక్కలు రాస్తున్నా.

మా ఆయన పోయి ఎనిమిదేళ్లు. దినం అయిన మర్నాటి నుంచే రెండు లేత్ మిషన్లు, ఒక వెల్డింగ్ సెట్టు, ముగ్గురు పనివాళ్లు, ఒక బాకీల పుస్తకం నా నెత్తినబడ్డాయి. మనకివ్వాల్సినవాళ్లు ఫోనెత్తరు. మనమివ్వాల్సినవాళ్లకు మాత్రం మన ఇంటి దారి భలే గుర్తు. కిందా మీదా పడి నేర్చుకున్నాను. మొన్నామధ్య ఇనుము వేసే పెద్దాయన లెక్క చూసుకుని వెళ్తూ, "మీరు మగరాయుడండీ!" అన్నాడు. మెచ్చుకున్నాడు, పాపం. నేనూ పొంగిపోయి రాత్రి అన్నాలప్పుడు మా అమ్మాయికి చెప్పా.

అది నవ్వలేదు. "ఆరొందల ఏళ్ల కిందట ఒకావిడ ఇదే మాట తన గురించి తనే రాసుకుందమ్మా" అంది.

ఎవరే ఆవిడ అంటే, క్రిస్టీన్ ద పిజాన్ అని చెప్పింది. పుట్టింది 1364లో, వెనిస్‌లో. తండ్రి జ్యోతిష్యం, వైద్యం తెలిసినవాడు. ఫ్రాన్స్ రాజు ఐదో చార్లెస్ కొలువులో చేరి కుటుంబాన్ని పారిస్ తీసుకెళ్లాడు. పదిహేనేళ్లకు క్రిస్టీన్‌కి పెళ్లి. మొగుడు రాజుగారి దగ్గర రాతకోతలు చూసే ఉద్యోగి, మంచివాడు. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి. రాజు పోయాడు, తండ్రి పోయాడు, ఊళ్లు తుడిచిపెట్టే జబ్బొచ్చి మొగుడూ పోయాడు. అప్పటికి ఆవిడకి పాతికేళ్లు. ముగ్గురు పిల్లలు, తల్లి, ఒక మేనకోడలు. మొగుడికి రావలసిన డబ్బు కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. ఇది వింటుంటే నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

మళ్లీ పెళ్లి చేసుకోలేదు. రాసింది. పద్యాలు రాసి, పుస్తకాలు రాసి, రాజులకూ రాణులకూ ఇచ్చి, వాళ్లిచ్చే సొమ్ముతో ఇల్లు నడిపింది. కలం మీద సంసారం ఈదిన తొలి స్త్రీ అని ఐరోపాలో ఆవిణ్ణే చెప్పుకుంటారు. 1403లో రాసిన ఒక పెద్ద కావ్యంలో, నా ఓడ నడిపేవాడు పోయాక విధి నన్ను మగవాణ్ణి చేసింది, అప్పుడుగానీ చుక్కాని పట్టుకోలేకపోయాను అన్న అర్థంలో చెప్పుకుంది. మా ఇనుప పెద్దాయన మాటే.

అయితే రెండేళ్లు తిరక్కుండా ఆవిడ మాట మార్చుకుంది. నాకు నచ్చింది అక్కడే. 1405లో ఇంకో పుస్తకం, 'స్త్రీల నగరం'. మొదట్లోనే క్రిస్టీన్ తన గదిలో ఒక పుస్తకం తిరగేస్తూ ఉంటుంది. ఆడవాళ్లను ఆడిపోసుకోవడమే దాని పని. ఇంతలో తల్లి రాత్రి భోజనానికి కేకేస్తుంది! పుస్తకం పక్కన పడేసి వెళ్తుంది. ఆ కేక దగ్గరే నాకావిడ మన మనిషైపోయింది. మర్నాడు మళ్లీ అదే పుస్తకం తీస్తుంది, దిగులు పడుతుంది. ఇంతమంది పండితులు ఒక్క గొంతుతో అంటున్నారు కదా, నిజంగానే మనం అంత చెడ్డ పుట్టుకా అని. అప్పుడు ముగ్గురు దేవతలు దిగివస్తారు. ఒకరు బుద్ధి, ఒకరు ధర్మవర్తన, ఒకరు న్యాయం. ఆడవాళ్లు తలదాచుకోవడానికి ఒక ఊరు కట్టమంటారు. ఒక్కో మంచి స్త్రీ కథ ఒక్కో రాయి. అలా రాణులూ, పండితురాళ్లూ, యోధురాళ్లూ, సాధ్వులూ గోడలై లేస్తారు. తన పుస్తకాలకు బొమ్మల అంచులు దిద్దిన అనస్తాసియా అనే పనిమంతురాలిని కూడా పేరు పెట్టి మరీ మెచ్చుకుంది.

మగవాడిలా మారితే తప్ప బతకలేనన్న మనిషి, రెండేళ్లకు ఆడవాళ్లందర్నీ చుట్టూ నిలబెట్టుకుంది. ఒక్కత్తే మగరాయుడు అవడం కంటే అదే నయమనిపించి ఉంటుంది. నాకైతే అలాగే అర్థమైంది.

ఇదంతా విని, "అవి దొరల దేశం కథలే, మనకెవరున్నారు?" అన్నాను. మా అమ్మాయి నావైపు జాలిగా చూసింది. "పెనుగంచిప్రోలు ఎన్నిసార్లు వెళ్లావమ్మా?"

ఎన్నిసార్లేంటి, లెక్కే లేదు. కొత్త లారీ రోడ్డెక్కితే తిరుపతమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టాలిగా, మా ఆయనున్నప్పుడు తిరునాళ్లకి ఏటా వెళ్లేవాళ్లం. మునేరు ఒడ్డున కూర్చుని పులిహోర తిని వచ్చేవాళ్లం. మాకు ఎనభై కిలోమీటర్లు కూడా లేని ఆ ఊళ్లోనే 1874లో బండారు అచ్చమాంబ పుట్టిందని నాకెవరూ చెప్పలేదు.

పుట్టింటివాళ్లు కొమర్రాజువారు. ఆరేళ్లకే తండ్రి పోయాడు. పదేళ్లకు పెళ్లి. మొగుడు మాధవరావుగారు మధ్యపరగణాల్లో ఉద్యోగి. బడికి వెళ్లింది లేదు. తమ్ముడు లక్ష్మణరావు చదువుకోసం అక్క ఇంట్లో ఉంటే, వాడి పక్కన కూర్చుని చదివింది. ఆ తమ్ముడే తర్వాత హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు. తెలుగు, హిందీ, మరాఠీ, బెంగాలీ, ఇంగ్లీషు ఆవిడకు అలా పట్టుబడ్డాయి. ఇద్దరు పిల్లలు పుట్టి చిన్నతనంలోనే పోయారు. అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచింది.

ఇంక ఆ పుస్తకం. 'అబలా సచ్చరిత్ర రత్నమాల', మొదటి భాగం 1901లో వచ్చింది. కందుకూరి వీరేశలింగంగారు అచ్చువేయించారు. ఆడవాళ్లకు బలం లేదు, బుద్ధి లేదు, చదివిస్తే చెడతారు అనేవాళ్ల నోరు మూయించడానికి ఊకదంపుడు ఉపన్యాసం ఇవ్వలేదావిడ. ముప్పైమందికి పైగా స్త్రీల జీవితాలు, మన దేశం నలుమూలల నుంచీ ఏరి తెచ్చి, వరసన పెట్టింది. ఇదిగో వీళ్లు, ఇప్పుడు చెప్పండి అన్నట్టు. పారిస్ అక్క రాళ్లు పేర్చి ఊరు కడితే, మన ఆడపడుచు రత్నాలు గుచ్చి దండ చేసింది. మధ్యలో దాదాపు ఐదొందల ఏళ్లు. పారిస్ అక్క పేరు మన ఆడపడుచు విన్నదో లేదో తెలియదు. ఇద్దరికీ పట్టిన ఆలోచన మాత్రం ఒకటే.

రెండో భాగంలో వేదపురాణాల స్త్రీలు, మూడో భాగంలో పరాయి దేశాలవాళ్లు అని అచ్చమాంబ అనుకుంది. మధ్యలో ఊరికే కూర్చోలేదు. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీసమాజం పెట్టింది. ఊళ్లు తిరిగి ఆడవాళ్లను పోగేసింది. 1905లో ప్లేగు వచ్చినవాళ్లకు సేవ చేస్తూ బిలాస్‌పూర్‌లో తనే పోయింది. ముప్పయ్యేళ్లు. మూడో భాగం రాలేదు. వచ్చుంటే క్రిస్టీన్ అందులో ఉండేదా అని ఊహించుకుంటా గానీ, క్రిస్టీన్ పుస్తకం గతి అప్పటికి మరీ బాగేం లేదు. 1521లో ఇంగ్లీషులోకి వెళ్లిన 'స్త్రీల నగరం' మళ్లీ కొత్త ఇంగ్లీషులో రావడానికి 1982 దాకా పట్టింది. అచ్చమాంబ గతి మాత్రం అంతకంటే మెరుగా? 'ధనత్రయోదశి' కథ 1902లో 'హిందూసుందరి' పత్రికలో వస్తే, 1910లో వచ్చిన గురజాడవారి 'దిద్దుబాటు' తొలి కథ అని మనమంతా బళ్లో చదువుకుని మార్కులు తెచ్చుకున్నాం. భూమిక పత్రిక కొండవీటి సత్యవతిగారిలాంటివాళ్లు పూనుకుని ఆవిడ జీవితాన్ని పుస్తకంగా తెచ్చాక ఇప్పుడిప్పుడే పేరు వినపడుతోంది.

ఈ కథంతా మర్నాడు గేటు దగ్గర ఇడ్లీ బండి చెల్లెమ్మకి చెప్పాను. తెల్లారి నాలుగింటికి పొయ్యి వెలిగించి, డ్రైవర్లకీ క్లీనర్లకీ టిఫిను పెట్టి ఇద్దరు పిల్లల్ని పాలిటెక్నిక్ చదివిస్తోంది. అంతా విని, చట్నీ గరిటె చేతిలో పట్టుకునే అడిగింది. "అంతా బాగానే ఉందిగానీ అక్కా, ఆవిడ దండలో ఇడ్లీ బండోళ్లు ఎవరన్నా ఉన్నారా?"

నాకు జవాబు రాలేదు. నిజమే కదా. ఇద్దరి పుస్తకాల్లోనూ రాణులే ఎక్కువ, చదువుకున్నవాళ్లే ఎక్కువ. గొప్పవాళ్లను చూపిస్తేగానీ ఎదుటివాడు ఒప్పుకోడని అలా చేశారనుకుంటా. అయినా నాకూ కాస్త వెలితిగానే ఉంది.

కానీ ఆ ధనత్రయోదశి కథ మాత్రం ఆ చెల్లెమ్మకి చెప్పాను. బొంబాయిలో ఒక గుమాస్తా. పండగొచ్చింది, చేతిలో పైసా లేదు. యజమాని సొమ్ము మీద మనసు పోతుంది. వద్దని అడ్డం నిలబడేది పెళ్లాం విజయలక్ష్మి. రాణి కాదు, రత్నం కాదు, అద్దె ఇంట్లో సంసారం. "ఆ, అది మన కథే అక్కా. మా ఆయనకీ చెప్తా, క్యాష్ డబ్బాలో చెయ్యి పెట్టేటప్పుడు గుర్తొచ్చిద్ది" అని నవ్వింది.

ఇంకో సంగతి మా అమ్మాయి పట్టుకుంది. క్రిస్టీన్ పేరు చివరున్న పిజాన్ మొగుడిది కాదు, తండ్రి ఊరు పిజానోది. మన అచ్చమాంబకేమో పుట్టింటి కొమర్రాజు పోయి బండారు మిగిలింది.

ఎదురు షెడ్డులో లారీకి రంగు ఆరింది. పెయింటరు కుర్రాడు ముందు బోర్డు మీద పేరు రాయడానికి నిచ్చెన వేసుకుని కూర్చున్నాడు. ఓనరు కూతురి పేరట. వెనకెప్పుడూ ఉండేదే, హారన్ ప్లీజ్. ఈ ఆటోనగర్ నుంచి రోజూ ఎంతమంది ఆడపిల్లల పేర్లు హైవే ఎక్కుతాయో మనమెప్పుడూ లెక్కపెట్టలేదు. వాటి పక్కన వాళ్లేం చేశారో మాత్రం ఉండదు.

వచ్చే నెల ముచ్చట్లకి మీ ఇంట్లో ఒక్కర్ని రాసి పంపండి. అమ్మమ్మో, మేనత్తో, పక్కింటి మిషను కుట్టే వదినో. ఏం పని చేసిందో రాయండి. ఎన్నేళ్లు బతికిందో, ఎవర్నెదిరించి నిలబడిందో రాయండి. ఇంటిపేరు ఏది పెట్టాలో మీ ఇష్టం. నేను మొదటిది ఇప్పటికే మొదలెట్టాను, ఇడ్లీ బండి చెల్లెమ్మది. తన పుట్టింటిపేరు అడిగితే రెండు నిమిషాలు ఆలోచించి చెప్పింది. మళ్లీ గ్రైండరు మొదలైంది, ఉంటాను.